వద్దన్నాడుగా

టార్నీట్‌లో సెప్టెంబరు సాయంత్రం.
క్రికెట్ క్లబ్బు రేకుల గదిలో
ప్యాడ్ల చెమట వాసన, టీ మరిగే చప్పుడు.
పదకొండేళ్ళలోపు జట్టుకి స్కోరు రాస్తానని
చేయెత్తిన పాపానికి
రెండు గంటల శిక్షణలో కూర్చున్నాను,
బస్సు డ్యూటీ దిగిన యూనిఫారంతోనే.

కోలీన్ అనే పెద్దావిడ,
ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిందట,
తెర మీద బొమ్మలేవీ వేయలేదు.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి అంది:
"మగపిల్లలూ పిల్లలే.
ఇది మీకు తెలుసని నాకు తెలుసు.
అయినా ఇంకోసారి చెప్తున్నాను."
కాసేపాగి,
"వాళ్ళు ఆలస్యంగా చెప్తారు. కొందరు నలభై దాటాక."

నాకు నలభై మూడు.
బిస్కెట్ టీలో విరిగి పడింది.
చెంచా కోసం లేవలేదు.

*

నందిగామలో, పాత బస్టాండు వెనక మేడ మీద
లెక్కల ట్యూషన్.
అందరూ వెళ్ళేవేళకి "నువ్వుండు" అనే మాట.
తర్వాత గొళ్ళెం.
అంతకు మించి ఈ కాగితం మీదికి రానివ్వను.
అది నాది, మీరు చూడ్డానికి కాదు.

చూపించగలిగింది ఒక్కటుంది:
ఆయనిచ్చిన కాంపాస్ పెట్టె.
పసుపు రేకు, లోపల కొత్త వృత్తలేఖిని.
"మాస్టారికి వీడంటే ఎంత ప్రేమో" అని
అమ్మ పక్కింటివాళ్ళకి చూపించింది.
మునేరులో విసిరేసి, పోయిందన్నాను.
వస్తువంటే విలువ లేదని నాన్న కొట్టారు.
ట్యూషన్ మానేస్తానంటే నవ్వారు.
"మగపిల్లాడివి, నిన్నెవరెత్తుకుపోతార్రా?"

నిజమే, ఎవరూ ఎత్తుకుపోలేదు.
రోజూ ఆరింటికి నేనే నడిచి వెళ్ళాను.

ఆడపిల్లకి జరిగితే అనడానికి
మా ఊళ్ళో మాటలున్నాయి,
అన్నీ ఆ పిల్లనే కోసేవి.
నాకు అవి కూడా లేవు.
పేరు లేని నొప్పిని
కడుపునొప్పి అని చెప్పుకున్నాను, మూడేళ్ళు.
వాము నీళ్ళు తాగించారు.

*

శనివారం, మూడు వీధుల అవతల ఒక గృహప్రవేశం.
అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ,
గ్యారేజీలో పేకాట.
ఒక పెద్దాయన, మంచివాడే,
ఆయన మీద నాకే అనుమానమూ లేదు,
మా నిహాంత్‌ని రెక్క పట్టి దగ్గరికి లాక్కున్నాడు.
"తాతయ్యని వాటేసుకోవా?"
వాడు వద్దన్నాడు. వెనక్కి గుంజుకున్నాడు.
ఆయన వదల్లేదు.
"మగపిల్లాడికి సిగ్గేంట్రా!"
గదంతా నవ్వింది, మర్యాదగా, అలవాటుగా.

"వద్దన్నాడుగా."

ఆ గొంతు నాదే.
తలుపుల దగ్గర నిలబడకండని
బస్సులో అరిచే గొంతు.
చెయ్యి వదిలాడాయన.
ఎవరో రైతాలో గరిటె తిప్పుతూనే ఉన్నారు.
మా ఆవిడ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.
నిహాంత్‌కి ఏమీ పట్టలేదు,
బంతి వెతుక్కుంటూ సోఫా కిందికి దూరిపోయాడు.
పట్టకపోవడం ఎంత బాగుందో
ఎవరికి చెప్పను?

*

ఆ రాత్రి పదకొండింటికి సువర్ణక్కకి ఫోన్ చేశాను.
అక్కడ సాయంత్రం, కుక్కర్ కూస్తోంది.

"లోహిత్ హాస్టల్లో వార్డెన్ ఎక్కడ పడుకుంటాడు?"
"అదేం ప్రశ్నరా?"
"వాడు వచ్చేస్తానంటున్నాడా?"
"కొత్తలో అందరూ అంటారు. మగపిల్లాడు, అదే అలవాటవుతుంది."
"అలవాటవుతుందక్కా. అదే చెప్తున్నా."

రెండు కూతలు.
మూడోది రాకముందే కట్టేసినట్టుంది.
"రేపు పొద్దున బస్సుకే వెళ్తాను,
వాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి అడుగుతాను" అంది.
ఫోన్ పెట్టలేదు.
నేనూ పెట్టలేదు.
చాలాసేపటికి, చిన్నప్పటి గొంతుతో,
"ఆ పసుపు పెట్టె పోలేదు.
నువ్వు వంతెన మీంచి విసరడం నేను చూశాన్రా.
ఎందుకని అడగలేదు."

ఇప్పుడడుగు, అన్నాను.